రెండువేల ఆరువందల అరవయ్యారు

బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు,
మెట్ల కింద నా డీటీపీ సెంటరు.
చిరునామా అడిగితే నాలుగు బై పద్నాలుగు అంటాను.
ఈ ఊళ్లో అంకెలు చెబితే చాలు
మనిషి గుమ్మం దాకా వచ్చేస్తాడు.
అందుకేనేమో
అట్టపెట్టె మీద మూడువేల రెండొందలు అని చూసి
అదీ వచ్చి చేరుతుందనుకున్నాను.

మార్చి నెల.
యార్డు నుంచి లారీలు కదిలిన రోజు
ఫ్యాను గాలిలో కూడా తుమ్ము ఉంటుంది.
పాత మిషన్ ఆ కారంతోనే పోయింది.
మూత తీస్తే లోపలంతా ఎర్రటి పొడి,
కోల్డ్ స్టోరేజీ బాండ్లు, పెళ్లిపత్రికలు, వర్ధంతి బ్యానర్లు
పదకొండేళ్లు మింగిన గొంతు.

చీటీ పాడాను.
అరండల్‌పేటలో రెండో అంతస్తు, నాగుల్‌మీరా దుకాణం.
బోర్డు, ప్రాసెసరు అతనివే, వాడినవే, నికరమైనవే.
ర్యామ్ మాత్రం నేనే తెప్పించాను
కొత్తది, ఉన్నవాటిలో పెద్ద అంకెది.
మా నాన్న యార్డులో కాటా దగ్గర పనిచేశాడు,
పెద్ద అంకె పడిన రోజు
మా ఇంట్లో కూర మారేది.

నాగుల్‌మీరా పెట్టె తిరగేసి చదివాడు.
"ఈ బోర్డు రెండువేల ఆరువందల అరవయ్యారు దాటదక్కా."
"దాటకపోతే?"
"దాటదు, అంతే. ర్యామ్ మంచిదే. దానికి దారి లేదు."

పోనీ పాత మిషన్లోది పక్కన పెట్టు, జంటవుతుంది అన్నాను.
అతను మాట్లాడకుండా దాన్ని స్లాటు మీద ఆనించి చూపించాడు.
గాటు ఒకచోట, బొడిపె ఇంకోచోట.
తేడా ఎంతని,
బియ్యపుగింజంత.
"బలవంతం చేస్తే దిగుద్ది. తర్వాత రెండూ ఉండవు."
ఇక్కడ ప్రతి గిరాకీకీ
పెళ్లి సంబంధాల మాట ఒకటి చెబుతాడట.
అతనికింకా కాలేదు.
నాకయింది.
నాకు చెప్పలేదు.

బంగారు పళ్లను బడిపిల్లల రబ్బరుతో రుద్ది
బొటనవేళ్లతో నొక్కాడు. టక్.
రెండో వైపు ఆ చప్పుడు రాలేదు.
బొమ్మ లేదు, కూత ఒక్కటే.
తీసి, చొక్కాకి చెయ్యి తుడుచుకుని, మళ్లీ.
టక్, టక్.

సెటప్ తెరుచుకున్నాక కీబోర్డు నేను లాక్కున్నాను.
రెండువేల నూటముప్పై మూడు.
రెండువేల నాలుగొందలు.
రెండువేల ఆరువందల అరవయ్యారు.
కింది బాణం నొక్కాను.
గీత మళ్లీ పైకి పోయింది.
మళ్లీ నొక్కాను. మళ్లీ పైకే.

"మిగతా ఐదువందల ముప్పై నాలుగూ ఎటు పోయింది?"
"ఎటూ పోలా. దాన్లోనే ఉంది.
బోర్డు మార్చిన రోజు బయటికొస్తది."
బోర్డు మార్చే రోజు ఎప్పుడని
నన్ను అతనడగలేదు, అతన్ని నేనడగలేదు.
ఆటోలో క్యాబినెట్‌ని ఒళ్లో పెట్టుకుని
శంకర్ విలాస్ వంతెన మీద
ముందు బండి ఎంత కదిలితే అంతే కదులుతూ వచ్చాను.

సాయంత్రం వేదాద్రి మాస్టారు ప్రూఫుకి వచ్చారు.
తెర మీద కూడా ఆయన వేలు పెట్టే చదువుతారు.
ఇప్పుడు మీట మీంచి వేలు తీసేలోపు పేజీ వచ్చేస్తోంది.
ఇన్నాళ్లూ ఆలస్యమంతా మిషన్‌ది అనుకున్నాను,
విసుగంతా దాని మీదే వేశాను.
ఇవాళ మా ఇద్దరి మధ్య
ఆ గరగర లేదు.
ఆయన ఊపిరి వినపడుతోంది, నా గోళ్లు బల్ల మీద వినపడుతున్నాయి.

"ఆగమ్మా" అన్నారు.
నేను నాలుగుసార్లు చూసి వదిలేసిన బ్యానరు.
"శ్రద్ధాంజలిలో ధకారం కింద ధ వత్తు ఇచ్చావు.
దకారం ఉండాలి పైన.
అక్షరం చూసుకుని వత్తు పెట్టాలి."

డ్రాయర్లో పాత ర్యామ్ ఉంది, గాటుతో సహా.
కర్సర్ వెనక్కి జరిపాను.
ఆయన వేలు ఇంకా అక్షరం మీదే ఉంది,
తీసేదాకా
ఆగాను.