ముందు మంచు, తర్వాత బోర్డు

యర్మో,
నీ కోడ్‌లో తప్పు లేదు. ఆ మాట ముందే చెప్తున్నా,
కాఫీ గది దగ్గర నన్ను తప్పించుకు తిరగక్కర్లేదు.
రెండే రెండు వరుసలు:
పొట్లం నింపు.
సిద్ధమని జెండా ఎత్తు.
పాత యంత్రం మీద పన్నెండేళ్ళు
నువ్వు రాసిన వరుసలోనే అవి బయటికి కనిపించాయి.

కొత్త యంత్రం వచ్చింది. అరవై నాలుగు కోర్లు,
దేని తొందర దానిది.
నువ్వు నింపమన్నది ఇంకా స్టోర్ బఫర్‌లో
బూట్లు తొడుక్కుంటుండగానే
జెండా వీధికెక్కింది.
ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.
అవతలి కోర్ జెండా చూసింది, నమ్మింది, పొట్లం విప్పింది.
లోపల నిన్నటి చెత్త.

పదకొండు రోజులకోసారి, అదీ తెల్లవారుజామున.
ప్రింట్ పెడితే మాయం. తీసేస్తే ప్రత్యక్షం.
దయ్యాలు నయం, వాటికి అమావాస్యైనా ఉంటుంది.
"మధ్యలో కాస్త ఆగమందాం, పది మైక్రోసెకన్లు" అన్నావు.
ఆగడం వేరు, వరుస వేరు.

ఇది నేను యూనివర్సిటీలో నేర్చుకోలేదు.
ఔలు తీరం నుంచి హైలువొటో దీవికి
సముద్రం మీదే దారి వేసే చలికాలంలో,
పందొమ్మిదేళ్ళప్పుడు, కౌకో జట్టులో కూలికి చేరాను.
మంచుకి బెజ్జం వెయ్యాలి, కొలబద్ద దించాలి, అంకె గట్టిగా పలకాలి.
కిలోమీటరుకి పది చోట్ల.
చివరి అంకె పుస్తకంలో పడ్డాక గానీ
కౌకో బోర్డు తిప్పేవాడు కాదు, ఎరుపు నుంచి తెలుపుకి.

ఓరోజు వేళ్ళు కొంకర్లు పోతుంటే నేనే అన్నాను,
"ఇంక నాలుగే కదా, ఈలోపు తిప్పేస్తా, నడక కలిసొస్తుంది."
అరవలేదు.
చేతి తొడుగు తీసి, ఆ బోర్డుని అరచేత్తో అదిమి పట్టుకున్నాడు
నేను నాలుగూ కొలిచి వచ్చేదాకా.
మూడోది పదకొండు సెంటీమీటర్లు.
ఆ వేళ దారి తెరవలేదు.

విడుదల అంటే ఆ అరచెయ్యి.
ముందు రాసినవన్నీ బయటపడితే తప్ప
జెండాని కదలనివ్వదు.

కానీ అది సగమే.
దీవి నుంచి పాలబండి తోలే అయిలి ఉండేది.
"నలభై సెంటీమీటర్లట" అని ఎప్పుడో విన్న అంకె
తలలో పెట్టుకునే బయల్దేరేది.
దారిలో బోర్డు చూసేది, చూడకపోలేదు. తెల్లగానే ఉండేది.
అంకె మాత్రం పోయిన వారానిది,
ఏ పగులు పక్కనుంచి తిరిగి వెళ్ళాలో అందులో లేదు.
కౌకో ఎంత జాగ్రత్తగా తిప్పితే ఏం లాభం?
ముందు బోర్డు చూసి, ఆ తర్వాత కదా అంకె అడగాలి!

ఇవతల విడుదల, అవతల స్వీకారం.
జతలేని కంచె కంచె కాదు,
చేలో పాతిన ఒంటి గుంజ.

అందుకని, యర్మో, నీ ఫైల్లో ఒక మాట మార్చాను,
చదివే వైపు ఇంకో మాట.
పైన తొమ్మిది వరుసల వ్యాఖ్య:
ఇది దేనికి జతో, అది ఎక్కడుందో,
మనిద్దరం మానేశాక వచ్చేవాళ్ళ కోసం.
నీ పది మైక్రోసెకన్లు తీసేశాను. ఏమనుకోకు.

పరీక్ష నలభై మూడు రోజులుగా నడుస్తోంది.
ఏమీ రాలేదు.
రాలేదంటే లేదని కాదుగా,
కాగితం మీద బాణాలు గీసి కూడా చూశాను:
జెండా కొత్తది, సరుకు పాతది,
ఆ జంట ఇక ఏ దారిలోనూ కుదరదు.

మొన్న ఆదివారం తీరానికి వెళ్ళాను.
ఈ ఏడు మంచు నిలవలేదు. ఫెర్రీయే తిరుగుతోంది.
బోర్డు ఎర్రగానే ఉంది.
ఎవరో కొలిచారు, చాలలేదు, తిప్పలేదు.
దాని ముందు కాసేపు ఊరికే నిలబడ్డాను,
తొడుగు తీసి.