ఏడున్నర షికారు

ఈ ఊళ్ళో ప్రతి టీవీ కడుపూ విప్పి చూసినవాణ్ణి.
ఏ ఇంటి ట్యూబు ఎప్పుడు మాడిందో,
ఎవరి పెట్టె వెనక బొద్దింకలు కాపురం పెట్టాయో,
ఎవరు తీగల మధ్య డాలర్లు దాచారో
నాకు తెలుసు. చెప్పను.

ఆ డిసెంబరులో పోలండంతా సైన్యం దిగాక
వార్తలు చదివే మనిషికి కూడా యూనిఫాం తొడిగారు.
కాలరు బిగుతై మెడ ఎర్రబడింది.
"అంతా ప్రశాంతం" అన్నాడు.
మా బేరింగుల ఫ్యాక్టరీ గేటు ముందు ట్యాంకు.
నా బావమరిది వితోల్డ్ ఎక్కడున్నాడో చెప్పే నాథుడు లేడు.
అంతా ప్రశాంతం.

రిపేరువాడికి అదొక వింత బాధ.
బొమ్మ తేటగా వచ్చేలా చేస్తాను,
మాట తేటగా వినిపించేలా చేస్తాను,
ఆ మాటే అబద్ధం.
స్క్రూడ్రైవరుకి అందే చోట లేదు ఆ లోపం.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం
మూడో అంతస్తు యాద్వీగ, ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషి,
సరిగ్గా ఏడున్నరకి కోటు వేసుకుని,
కుక్క లేదు గాని కుక్క తాడు పట్టుకుని
వీధిలోకి దిగింది.
"వాడు మొదలుపెట్టాడు, నేను షికారుకి పోతున్నా."
అంతే అంది.

మర్నాడు పదకొండు మంది.
వారం తిరిగేసరికి
వీధిలో మంచు మిగల్లేదు, అంతా అడుగులే.
నినాదం లేదు, జెండా లేదు.
మోకాలి నొప్పి తగ్గిందా,
ఉల్లిపాయలు ఎక్కడ దొరికాయి,
అరగంట సేపు ఊరంతా ఇవే కబుర్లు.
షికారుని నిషేధిస్తూ ఒక చట్టం
ఎవరూ ముందుగా రాసిపెట్టుకోలేదు పాపం.

నేనా? కిటికీ దగ్గరే నిలబడ్డాను.
షాపు లైసెన్సు వాళ్ళ సంతకం మీద నడుస్తుంది.
టీవీని మాత్రం వీధి వైపు తిప్పి పెట్టాను,
వాడి వార్తలు మంచుకి చదువుకోమని.
పిరికివాడి ధైర్యం అంతే,
వీపు చూపించడంతో మొదలవుతుంది.

ఆ ఆదివారం ముసలి కజిమీర్ వచ్చాడు.
"నా టీవీ ఎంత బరువుంటుంది?"
ముప్ఫై కిలోలు.
"చంటిపిల్లల బండి మోస్తుందా?"
చక్రాలకి నూనె పెట్టాను.
ట్యూబు పగలకుండా దుప్పటి చుట్టాను.
దుప్పటి నాది.
కాబట్టి నేనూ వెళ్ళాల్సి వచ్చింది.

మూల మీద మిలీషియా కుర్రాడు ఆపాడు.
మొలవాలా వద్దా అని ఇంకా తేల్చుకోని మీసం.
"బండిలో ఏముంది?"
"మనవడు బాబూ," అన్నాడు కజిమీర్,
"పొద్దస్తమానం అబద్ధాలాడుతున్నాడు.
చలిగాలి తగిలితే కుదురుతాడేమోనని."
దుప్పటి ఎత్తాడు.
నల్లటి గాజులో వాడికి వాడి ముఖమే కనిపించింది.
నవ్వో దగ్గో తెలీదు,
చేతితొడుగు అడ్డం పెట్టుకున్నాడు.

తర్వాత కర్ఫ్యూ ఏడింటికే అన్నారు.
మేం ఐదు గంటల వార్తలకి నడిచాం.
యాద్వీగ ఉద్యోగం ఊడింది.
కజిమీర్‌ని పన్నెండు రోజులు లోపల వేశారు,
బండిని కూడా, సాక్ష్యంగా.

ఇప్పుడు ముచ్చటగా చెప్తున్నాను గాని
షికారు కొడితే ప్రభుత్వాలు పడిపోవు.
వితోల్డ్ రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది,
వచ్చాక ఎడమ చెవి వినిపించేది కాదు.
మిగతావి రావడానికి ఏడేళ్ళు.
అయితే అప్పటిదాకా
ఎవరి గదిలో వాళ్ళం కూర్చుని
నమ్మనిది నేనొక్కణ్ణేనేమో అనుకున్నవాళ్ళం.
వీధిలో,
పక్కవాడి ఊపిరి ఆవిరి చెంపకి తగిలేంత దగ్గరలో,
లెక్కపెట్టుకున్నాం.

ఏప్రిల్లో ఆ మీసం కుర్రాడు షాపుకొచ్చాడు.
మామూలు బట్టలు, చంకలో చిన్న టీవీ.
విప్పి చూశాను. ఏ లోపమూ లేదు. అదే చెప్పాను.
"తెలుసు," అన్నాడు,
"కొన్నాళ్ళు ఇక్కడే ఉండనివ్వండి."

రసీదు పుస్తకం తీశాను.
తేదీ వేశాను, పెట్టె నంబరు వేశాను.
లోపం అన్న గడిలో
చాలాసేపు పెన్ను ఆనించి పట్టుకున్నాను.