ఆరు డెసిబెల్‌ల అబద్ధం

ఉలాన్‌బాతర్‌లో మూడో అంతస్తు, కిటికీ లేని గది.
నాదం పండగ రెండో రోజు.
ఊరంతా గుర్రప్పందేలకు పోయింది.
నేనూ, టీ ఫ్లాస్కూ, పద్నాలుగు తెరలూ మిగిలాం.

పందెం మైదానం టవరు తొంభై ఏడు శాతం.
ఇసకేస్తే రాలదంటారే,
అక్కడ ఒక్క హలో వేసినా రాలదు.
తూర్పు గుట్ట మీది టవరు మాత్రం నాలుగు శాతంతో
పెళ్లివారు వెళ్లిపోయిన పందిట్లో వంటవాడిలా
గరిటె పట్టుకుని కూర్చుంది.

ఈ బంతి నిండింది, అటు కూర్చోండి బాబూ అని
మనుషులకైతే చెప్పొచ్చు.
ఫోన్లు వినవు. వాటికి గట్టిగా వినబడే గొంతే చుట్టం.
అందుకని వాటితో అబద్ధమాడతాను:
గుట్ట మీది టవరు మీరనుకునే దానికంటే
ఆరు డెసిబెల్‌లు గట్టిగా పిలుస్తోందని.

నమ్ముతాయి.
గుర్రాల లారీల పక్కవి, ఖుషూర్ వేయించే బళ్ల దగ్గరివి,
అంచున నిలబడ్డవన్నీ
మారుమాట లేకుండా అటు మళ్లుతాయి.
ఎనిమిదంటే గోడ మీది పిల్లులవుతాయి,
అటూ ఇటూ గెంతి మాట మధ్యలో చస్తాయి.
నాలుగంటే కదలవు.
ఆరు అనేది నాకు పుస్తకం చెప్పలేదు,
పోయినేడు పోగొట్టిన మాటలు చెప్పాయి.

ఎనభై తొమ్మిది. చాల్లేదు.
గుట్ట మీది యాంటెన్నాని నాలుగు డిగ్రీలు వంచాను,
ఇక్కణ్ణించే, ఒక్క వేలితో.
దూరపు లోయ దాకా పోయే దాని చూపుని
దగ్గరి జనం మీదికి దించాను.
డెబ్బై ఒకటి!
షిఫ్టు పెద్ద త్సెవెల్మా ఫోన్ చేసి
"ఇంక దేన్నీ ముట్టుకోకు" అంది.

అప్పుడు పడింది ఆ వరస:
తెగిన కాల్, ఒకటి. లోయలోంచి.
పదకొండు నిమిషాల నలభై సెకన్ల తర్వాత.
నివేదికలో అది సున్నా శాతంగా సర్దుకుంటుంది.

ఎవరో నాకు తెలీదు. తెలుసుకునే హక్కూ లేదు.
కానీ పందెం నడుస్తుంటే పదకొండు నిమిషాలు ఎవరు మాట్లాడతారు?
గుడారం బయట, పాలు పితకడం ఆపేసి,
మనవడెక్కిన గుర్రం గిట్టల చప్పుడు
ఎవరో ఎత్తి పట్టిన ఫోన్లోంచి వింటున్న మనిషా?
అప్పులవాడితో బేరమా?
ఏదైనా కావచ్చు.

ఒకటిన్నర డిగ్రీ వెనక్కి ఎత్తాను.
డెబ్బై ఎనిమిది.
మైదానంలో ఎవరి వీడియోనో గిర్రున తిరుగుతూ ఆగి ఉంటుంది.
తిరగనీ.

రెండేళ్ల గుర్రప్పిల్లల పందెంలో
ఆఖర్న వచ్చినదాన్ని నిలబెట్టి
నిండు పొట్ట అని పిలిచి పద్యం చదువుతారు మావాళ్లు,
గెలిచినదానికి చదివినట్టే.
నా తెరల మీద దానికో గడి లేదు.

నాలుగూ పదికి లోయలో ఒక ఫోన్ వెలిగింది.
ఒకటే గీత సిగ్నల్.
ఇందాకటిదో కాదో చూడలేదు.
టీ చల్లారిపోయింది,
ఆ గీతని చూస్తూ తాగాను.