చార

పాండీ బజార్లో మా కొట్టు మేడ మీద.
మెట్లెక్కేటప్పుడే ఆడవాళ్ళ గొంతు తగ్గిపోతుంది.
"లోపలివి" అంటారు. "అవి" అంటారు.
ఒకావిడ వేలితో భుజం మీద గీత గీసి చూపించింది, అంతే.
పదకొండేళ్ళుగా నేను టేపు ముట్టలేదు,
మనిషిని చూసి ముప్ఫై నాలుగో ముప్ఫై ఆరో చెప్పేస్తాను.
కాగితంలో చుట్టి, నల్ల కవర్లో దోపి,
సారా సీసా అందించినట్టు అందిస్తాను.

కత్తిరి ఎండల్లో ఒక మధ్యాహ్నం తెల్లావిడ వచ్చింది.
పేరు సిల్కే అంది.
బట్టల కొట్లో ఆ పేరు విని మేం ముగ్గురం
డబ్బాల వెనక్కి పోయి నవ్వుకున్నాం.
వదులు నూలు చొక్కా. దాని లోపల ఏమీ లేదు.
అది తెలియడానికి మాకు అరక్షణం పట్టింది,
ఓనరు తంగవేలుకి అంత కూడా పట్టలేదు.
గల్లా దగ్గర లెక్క తప్పుతూ
మూడు గుండీలు విప్పుకుని
బిల్లు పుస్తకంతో రొమ్ము విసురుకుంటున్నాడాయన.

"ఇంటావిడ చెప్పింది, వేసుకో, లేదా ఖాళీ చెయ్ అని.
ఉన్నవాటిల్లో పల్చనిది ఇవ్వు."
వచ్చీరాని తమిళం. పెట్టె మీద పెట్టె తీశాను.
వాళ్ళ ఊరి సరస్సు ఒడ్డున, ఆగస్టులో,
పంతులమ్మలూ, పోస్టాఫీసు వాళ్ళూ
పైన నూలుపోగు లేకుండా ఎండలో పడుకుంటారట.
ఒంటి మీద చారలు పడకూడదనట.
ఎవరూ చూడరట.
"చూడకుండా ఎలా ఉంటారు?" అంది మా గోమతి.
"చూసీ చూసీ" అంది సిల్కే.

మాటల్లో మాటగా అడిగాను: "నీకు జీతం ఎంత?"
చెవుల దాకా ఎర్రబడిపోయింది.
"మా దగ్గర అది అడగరు" అని
లేని పైట సర్దుకున్నట్టు
చొక్కా అంచు లాక్కుంది.

అమ్మమ్మ పెంచలమ్మ గుర్తొచ్చింది నాకు.
ఇస్కపల్లి ఉప్పుమడుల్లో కూలి. రవిక ఎరగదు.
పైట జారితే ఈగను తోలినంత తీరిగ్గా
మళ్ళీ వేసుకునేది.
మొగుడి పేరు చెప్పమంటే మాత్రం చచ్చేంత సిగ్గు.

కడుపులో గడ్డని మద్రాసు పెద్దాసుపత్రికి తెచ్చారు.
"రవిక లేకుండా లోపలికి పోకూడదు" అంది గుమ్మంలో ఆయా.
అమ్మ తనది ఇచ్చి తొడిగింది.
చంకలు బిగిసి, చేతులు ఎడంగా పెట్టుకుని
తడిసిన కోడిలా నడిచిందట వరండా పొడుగునా.
లోపల డాక్టరు తలెత్తకుండానే
"రవిక విప్పు" అన్నాడట.
"ఏం కావాలో వీళ్ళకే తెలీదే" అందట అమ్మమ్మ.
ఆ రవికతోనే ఊళ్ళో బస్సు దిగితే
మడుల్లో ఆడవాళ్ళు పారలు ఆపి నవ్వారట:
"ఎవరికి చూపించుకోవడానికే, ముసలీ?"

పోయిన రోజు నీళ్ళు పోసింది అమ్మా నేనూ.
ఎడమ భుజం నుంచి కుడి నడుం దాకా
ఏటవాలుగా ఒక చార:
పైట కప్పినంత మేర లేత బెల్లం,
మిగిలిందంతా మాడిన పెనం.
చెంబు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో,
అమ్మ "పొయ్యవే" అనేదాకా.

సిల్కే రెండు కొంది. నల్ల కవరు వద్దంది,
చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయింది.
తంగవేలు కిటికీ దాకా వెళ్ళొచ్చి
ఫ్యాను బాగులేదన్నాడు.

రాత్రి పది. వ్యాసర్పాడిలో కరెంటు పోయింది.
డాబా మీద చీకట్లో, జాకెట్టు విప్పకుండానే,
చేతి సందులోంచి లాగేశాను.
ఏ ఆడదానికీ నేర్పక్కర్లేని గారడీ.
ఉతికి తుండు కింద ఆరేశాను.
దండెం నిండా నాలుగిళ్ళ తుండ్లు,
ఏ తుండు కింద ఏముందో అందరికీ తెలుసు.
భుజాల మీద రెండు గాళ్ళు. గోక్కుంటే
కళ్ళు మూతలు పడేంత హాయి.

పక్క డాబా మీంచి, లుంగీ తప్ప ఏమీ లేని మురుగదాసు
"గాలి బాగుంది కదక్కా" అన్నాడు,
పొట్ట నిమురుకుంటూ.
చేతులు కట్టుకున్నాను.
"బాగుంది" అన్నాను.