పండేది

ఉరవకొండ. సైకిల్ షాపు మీది గది.
బోర్డు మీద రాశాను:
ఇఫ్ ఇట్ హ్యాడ్ రెయిన్డ్...
పడలేదని అర్థం, అన్నాను.

బెంగుళూరు సెక్యూరిటీ పనికని చేరిన హొన్నూరప్ప
కింద తెలుగులో రాసుకున్నాడు:
"వాన పడుంటే చెనిక్కాయ పండేది."

పెన్ను ఆపి, తలెత్తి:
"మా నాయనా ఇదే మాటంటాడు సార్,
వాన ఊసెత్తకుండా.
ఎర్రచేన్లో చెనిక్కాయ పండేదని.
అది పండినట్టా, పండనట్టా?"

ఇంగ్లీషులో వేరువేరు, అన్నాను.
ఒకటి జరిగి పోయింది,
ఒకటి జరక్కనే...

కింద తొట్లో ట్యూబు ముంచినట్టున్నారు,
బుడబుడమని ఎక్కడో గాలి పోతోంది.

హ్యాడ్, హ్యాడ్, హ్యాడ్.
పేజీ నిండా రాస్తున్నాడు.
ఆ నోటుబుక్కుకు అట్ట
పోయినేటి ఇత్తనాల సంచి.