సంచి అడుగు

మహానందా,
జిన్నింగు మిల్లుల నీ మొదటి జీతం
పదకొండు వేల నాలుగు వందలు
ఫోన్ల గంట కొట్టిందట.
ధర్మాబాద్ మొత్తానికి వినపడ్డట్టుంది ఆ గంట,
లేకుంటే తెల్లారకముందే ఆ టై కట్టిన పిల్లగాడు
మన గడప ముంగల చెప్పులెందుకు విడుస్తడు?

నేను మిరప తొడిమెలు తీసేదాన్ని.
ఇరవై రెండేండ్ల సంది యార్డుల గోనెపట్ట మీదనే ఉన్న.
కిలోకింత అని కూలి,
గోర్ల కింది మంట ఏ చిట్టీల రాయరు.
బ్యాంకు కాగితం మరాఠీల ఉంటది,
నా ఏడుపు తెలుగుల ఉంటది,
సంతకం కాడ బొటనవేలు.
అయినా మేనత్తను, జర విను.

సంచి మూతి కాడ ఎప్పుడూ మంచి కాయే ఉంటది,
ఎర్రగ, నిగనిగ, ఫోటో దిగడానికి కూసున్నట్టు.
కొననేర్చినోడు మూతిని చూడడు.
మోచేతి దాక చెయ్యి దించి
అడుగు కాయ పైకి తీస్తడు,
విరుస్తడు, గింజ చూస్తడు, వాసన పట్టుకుంటడు.
తెల్వని సరుకుకు వేలం పాడడు.
నువ్వూ ఆ పిల్లగాన్ని అడుగు:
నా పైస ఎవని చేతికి పోతది, ఆడ ఏం పని చేస్తది,
నడుమ హమాలి ఎంత, తరుగు ఎంత, దలాలి ఎంత?
జవాబు చెప్పక నవ్వుకుంట చాయ తాగిండనుకో,
ఆ చాయ పైసలు సుత మనమీదనే పడ్తయి.

నూరు దినాలల్ల రెండింతలు అన్నడట.
నూరు దినాలల్ల రెండింతలయింది నేనొక్కటే చూసిన,
దిగంబర్ సేటు మీద కేసులు.
బచత్ గట్టుల కూడబెట్టిన పదారు వేలు
నా చేతులతోనే తీస్కపోయి ఇచ్చిన ఆయనకు.
రశీదు గులాబి రంగుది.
ఇంక ఉన్నది, బియ్యం డబ్బ అడుగున.
దాని వెనక చిన్నప్పుడు నువ్వు ఏనుగును గీసినవు,
తొండం మరిచిపోయినవు.

ముందుగాల్ల మీ అమ్మ కమ్మలు.
తాకట్టుల ఉన్నయి, నెలకు నూటికి మూడు రూపాయలు.
అంత మిత్తి ఇచ్చే పెట్టుబడి
నాందేడ్ పోయినా దొరకది, ముంబై పోయినా దొరకది.
విడిపియ్యి.
ఆ మిత్తి కట్టుడు ఆగితె అదే నీ మొదటి లాభం.

ఎన్క, ఆర్నెల్ల తిండి పైసలు పక్కకు పెట్టు,
చెయ్యి చాపితె అందే కాడ.
జ్వరం మార్కెట్ రేటు అడిగి రాదు గద.

గప్పుడు మిగిలినదాంట్ల పిడికెడు.
నెలనెలా పిడికెడే.
ఒక్క సంచిల పొయ్యకు,
ఇంత పోస్టాఫీసుల, ఇంత బ్యాంకుల,
ఇంత, నూరు కంపెనీలు కలిపిన ఫండు అన్నవు చూడు, దాంట్ల.
నువ్వు చదివి చెప్తె నాకు సగమే తెల్సింది.
తెల్సిన సగం ఏందంటె
అది ఎక్కుతది, దిగుతది,
ఏడెనిమిదేండ్లు ముట్టకూడదు.
అప్పు తెచ్చి మాత్రం పెట్టకు, ఒట్టు.

సాలుబాయి మూడు క్వింటాళ్లు కోల్డ్ స్టోరేజీల పెట్టింది.
రోజూ పొద్దున్నే పోయి గేటు కాడ రేటు అడుగుడు.
అడిగినన్ని దినాలు ఆమెకు నిద్ర లేదు.
రేటు పడ్డ బేస్తారం నాడు భయపడి అమ్మేసింది.
రేటు పడితె కాయ పుచ్చిపోయినట్టు కాదు, మహానందా.
కానీ తడి కాయ దాచినోడు ఎంత ఓపిక పట్టినా
బూజునే దాచుకుంటడు.
ఏది ఎండింది, ఏది తడిగుంది?
అది నాకు మిరపలనే తెలుసు,
నీ కాగితాలల్ల నువ్వే చెయ్యి పెట్టి చూసుకోవాలె.

ఐతారం మళ్ల వస్తనన్నడు ఆ పిల్లగాడు.
నువ్వు మిల్లుకు పో, ఓవర్‌టైం ఉన్నది గద.
నేనుంట ఇంట్ల.
యార్డుకెళ్లి సక్కగ వచ్చి,
చేతులు కడుక్కోకుండనే
రామ్ రామ్ అని ఆయన చెయ్యి పట్టుకుంట,
గట్టిగ.