వెలపలి అంచు

బైంసా రోడ్డు మీద భోజన్న అలైన్‌మెంట్ షాపు.
ర్యాంపు ఎక్కించిన నా నీలం బండి కింద నిలబడి
బొటనవేలితో ముందు టైరు తడుముతున్నడు,
నేను చిగుళ్లు తడిమినట్టే.
"డాక్టరమ్మా, లోపలంత కొత్తగనే ఉన్నది.
వెలపలి అంచే కొరుక్కపోయింది."

నాకు తెలిసిన అరుగుదలే.
రాత్రంతా పండ్లు నూరుకునే మనుషుల దవడల్లో
రోజుకొకటి చూస్త.
అద్దం పట్టి చూపినా ఒప్పుకోరు,
"నేనెందుకు నూరుత మేడం" అంటరు.
నేనూ అట్లనే అన్న భోజన్నతో.
పుణె నుంచి తెచ్చుకున్న సెకండ్‌హ్యాండ్ బండి,
పదకొండేండ్ల పొదుపు,
నాలుగు చక్రాలకూ బలం పారుతది,
వానలో కూడా జారదని అమ్మినాయన ఒట్టేసిండు.

నిజమే, జారలేదు.
జారితే ముందే భయపడేదాన్ని.

మహబూబ్ ఘాట్ పాత రోడ్డు. ఆదివారం, ఇంకా తెల్లారలే.
టేకాకులు తడిసి తారుకు అతుక్కున్నయి.
నాలుగో మలుపుల చక్రం తిప్పిన.
ముక్కు వినలేదు.
గట్టిగ నొక్కి తోమితే తెల్లబడవు పండ్లు అని
దినాం పదిమందికి చెప్పే నోరు నాది.
చెయ్యి మాత్రం
ఇంకొంచెం తిప్పింది.
ఎంత తిప్పితే అంత తిన్నగ,
నీళ్లు చూసిన బర్రె లెక్క
పోతనే ఉన్నది బండి,
తెల్లగీత దాటి, కంకర మీదికి,
ఆదిలాబాద్ ఇంకెన్ని కిలోమీటర్లో
రాయి మీద చదివేంత దగ్గరికి.
ఎక్స్‌లేటర్ తొక్కుతున్న సంగతి
కాలికే తెల్వదు.
స్టీరింగ్ దూదిలెక్క తేలిక.
ఆ తేలికను చూసి
నా చేతిలోనే ఉన్నదనుకున్న.

భోజన్న నవ్వలేదు.
చేతులు తుడుచుకొని పక్కసీట్ల కూసున్నడు.
ఘాట్ కింద చాయ్ తాగుకుంట అడిగిండు:
"బంతి కట్టుడు చూసిన్రా ఎప్పుడన్న?
గుంజ పక్కన ముసలెద్దు, కొసకు కోడె.
ముసలిది అడుగులు కొలుస్తది, కోడె ఉరుకుతది,
అప్పుడే బంతి తిరుగుతది.
మీరు మలుపు నడుమ
నాలుగెడ్లను ఒక్కసారే అదిలిస్తున్రు.
బరువంత ఎనుకకు పాయె,
ముందటి కాళ్లకు నేలే అందుతలేదు,
అవి ఏం తిరుగుతయమ్మా?"

వెనుక రోల్‌బార్ కొంచెం లావుది వేస్తడట.
ముందు చక్రాల తలలు ఇసుమంత లోపలికి వంచుతడట.
గాలి రెండు పాయింట్లు అటిటు.
"ఇవన్ని నా పని. మీ కుడికాలుకు మాత్రం
నా దగ్గర పానా లేదు."

మళ్లీ ఎక్కినం.
బ్రేకు మలుపుకు ముందే. కాలు ఒక్కసారే తియ్యొద్దు,
కొసదాక మెల్లగ వదలాలె, ముక్కు వంగనియ్యాలె.
అన్నీ విన్న. నాలుగో మలుపుల అన్నీ మరిచిన.
మళ్లీ అదే కంకర, అదే రాయి.
"విప్పుండ్రి," అన్నడు.
లోయ దిక్కు పోతున్న బండి చక్రాన్ని
లోయ దిక్కే విప్పుమంటున్నడు!
పండ్లు బిగబట్టుకొని
కాలు తేల్చి, రెండేళ్ల మందం విప్పిన.

అప్పుడు అరచేతులకు తగిలింది బరువు.
మెత్తటి పుచ్చును తొలుచుకుంట పోయిన డ్రిల్లు
ఒక్కసారి గట్టి పంటికి ఆగినట్టు.
బండి నేలను పట్టుకున్నది.
మిగిలిన మలుపు దానంతటదే
నా చెయ్యి కిందికి వచ్చింది.

ఐదోది మంచిగనే తీసిన.
ఆరోది ఇంకా మంచిగ తియ్యాలనుకొని
పాడు చేసిన.
భోజన్న కిటికీలకెళ్లి
చెట్ల మీద కోతులను లెక్కపెడుతున్నట్టు కూసున్నడు.
దవడ నొప్పి పెడితే తెలిసింది,
నేను ఇంకా పండ్లు వదలలేదని.